గుండె ఆపరేషన్ అయిన పిల్లలకు ఫిజియోథెరపీ: సెంటర్‌కి తీసుకెళ్లాలా, ఇంట్లో చేయించాలా?

మా వాడికి ఆరేళ్లప్పుడు గుండెలో రంధ్రం మూసే ఆపరేషన్ అయింది. డిశ్చార్జి కాగితంలో ‘ఫిజియోథెరపీ కొనసాగించాలి’ అని ఒక్క ముక్క రాశారు. ఎక్కడ, ఎలా అన్నది ఎవరూ చెప్పలేదు. మేముండేది విశాఖపట్నం గాజువాకలో, సెంటరేమో దూరంగా మద్దిలపాలెంలో. రోజూ తిప్పాలా, ఇంట్లోనే చేయించాలా అని చాలా టెన్షన్ పడ్డాం.

మొదట సెంటర్‌కే వెళ్లాం, వెళ్లడం మంచిదైంది. అప్పటికి నాలుగు రోజులుగా నేను వాణ్ణి చంకల కింద చేతులు పెట్టి మంచం మీంచి లేపుతున్నాను. ఆపరేషన్‌లో కోసిన రొమ్ము ఎముకను తీగలతో కట్టి కలుపుతారు. అది అతుక్కోవడానికి ఆరు వారాల దాకా పడుతుంది. చంకల కింద పట్టి లేపితే ఆ ఎముక మీదే లాగుడు పడుతుంది. ఒక చెయ్యి వీపు కింద, ఇంకోటి పిర్రల కింద వేసి ఎత్తుకోవాలని ఫిజియో అమ్మాయి చేసి చూపించింది. నొప్పికి భయపడి వాడు దగ్గు బిగబట్టేవాడు. అలా చేస్తే కఫం లోపలే ఉండిపోయి న్యుమోనియా రావచ్చు. దిండు గుండెకు హత్తుకుని దగ్గడం నేర్పాక ధైర్యం వచ్చింది. నడిపిస్తూ వేలికి ఆక్సిజన్ మీటరు పెట్టి చూడటం, స్టెతస్కోపుతో ఊపిరి వినడం మన వల్ల అయ్యే పనులు కావు.

కానీ సెంటర్‌లో ఉండేది రోజుకు అరగంట. ఊపిరి వ్యాయామం కొంచెం కొంచెంగా రోజులో చాలాసార్లు చేయాలి. ఊపిరి గట్టిగా పీల్చి బంతులు పైకి లేపే మూడు బంతుల స్పైరోమీటరు చూస్తేనే మా వాడు మొహం తిప్పేసేవాడు. సబ్బు బుడగలు, కాగితం గాలిపంకా ఇస్తే అడిగి మరీ ఊదేవాడు. గాయం నొప్పికి భుజాలు ముందుకు వంచి నడిచే పిల్లలకు, చేతులు మెల్లగా పైకెత్తడం, తల తామే దువ్వుకోవడం మేలు చేస్తాయి. పైగా ఎన్ఏడీ జంక్షన్ రద్దీలో, బస్సు కుదుపుల్లో రోజూ తిప్పితే పిల్లాడు అలిసిపోతాడు, జలుబులూ అంటుకుంటాయి.

అందుకే మా వాడిలా త్వరగా కోలుకుంటున్న పిల్లలకు ఇల్లే మేలంటాను. మొదటి నెల మాత్రం వారానికోసారి సెంటర్‌లో చూపించాలి. నెలల పసికందులు, ఐసీయూలో చాలా రోజులున్నవాళ్లు, మెడ నిలపడం, కూర్చోవడం ఆలస్యమైనవాళ్ల సంగతి వేరు. వాళ్లను ఎంత దూరమైనా సెంటర్‌కే తీసుకెళ్లండి. డబ్బు ఇబ్బందైతే పిల్లల ఆరోగ్యానికి ప్రభుత్వం పెట్టిన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద నడిచే డీఈఐసీ (పిల్లల సమస్యలను తొందరగా గుర్తించి చికిత్స చేసే జిల్లా కేంద్రం) గురించి ప్రభుత్వాసుపత్రిలో అడగండి. అక్కడ ఫిజియో సేవలు ఉచితం.

డాక్టరు ఒప్పుకున్నాక తెల్లవారుజామున బీచ్ రోడ్డు మీద నడిపించాం, ఇసుకలో వద్దనుకున్నాం. నడుస్తూ మాట్లాడగలిగితే ఆ వేగం సరిపోయినట్టే. పెదాలు నీలంగా మారినా, ఆయాసం వచ్చినా, రొమ్ము ఎముక దగ్గర టిక్కుమన్నా, గాయం కారినా, జ్వరం వచ్చినా వ్యాయామం ఆపి వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

మా అత్తగారు వాణ్ణి సింహాచలం మెట్లెక్కిస్తానని మొక్కుకున్నారు. డాక్టరు ఇంకా సరే అనలేదని మొదటిసారి కొండ మీదికి బస్సులోనే తీసుకెళ్లాం. మెట్ల మొక్కు మరుసటి ఏడాది తీరింది.