కనుమ నాడు జగ్గన్నతోటలో: త్రిశూర్, మధురై చూశాక మా కోనసీమ ప్రభల తీర్థం

మాది తణుకు. ఉద్యోగం కోయంబత్తూరులో కావడంతో కేరళలో త్రిశూర్ పూరం ఉత్సవం రెండుసార్లు, తమిళనాడులో మధురై చిత్తిరై పండగ ఒకసారి చూశా గానీ, గోదావరి దాటితే వచ్చే జగ్గన్నతోట తీర్థం (జాతర) మాత్రం ఇన్నేళ్లూ టీవీలో చూడటమే. కనుమ నాడు కాకైనా కదలదంటారు కదా, మా నాన్నగారికి ఆ పట్టింపు బాగా ఉండేది, ఊరి పొలిమేర దాటనిచ్చేవారు కాదు. ఈసారి అమ్మే "దేవుళ్లే ఊళ్లు దాటి వస్తుంటే మనం వెళ్తే తప్పేంట్రా" అంది. అంతే, బయల్దేరిపోయాం.

సంక్రాంతి సాయంత్రానికి రావులపాలెం మీదుగా బస్సులో అమలాపురం చేరాం (అమలాపురానికి ఇంకా రైలు లేదు, బస్సో కారో). నెల ముందే లాడ్జి బుక్ చేసుకున్నా, తీరా వెళ్లాక కింది రూమ్ వేరేవాళ్లకి ఇచ్చేశాం అన్నారు, మోకాళ్ల నొప్పులున్న అమ్మని లిఫ్ట్ లేని మూడో అంతస్తు ఎక్కించాల్సొచ్చింది, పైగా చెప్పిన దానికి రెట్టింపు తీసుకున్నారు. పండగ మూడు రోజులూ అక్కడ రూములకి అంతే గిరాకీ. అంబాజీపేట, ముక్కామల వైపు చుట్టాలెవరైనా ఉంటే మొహమాటపడకుండా వాళ్లింటికే వెళ్లండి, లేదంటే రాజమండ్రిలో ఉండి తెల్లారే బయల్దేరడం మేలు. దిండి వైపు రిసార్టులు బాగుంటాయి గానీ పండగప్పుడు రేటు ఎక్కువ, తీర్థానికి దూరం కూడా.

పొద్దున్నే అంబాజీపేటలో పొట్టెక్కలు తిన్నాం. పనసాకులు బుట్టల్లా కుట్టి అందులో ఇడ్లీ పిండి పోసి ఉడికిస్తారు, ఆకు విప్పగానే వచ్చే ఆ వాసన కోసమైనా ఒకసారి ఆగాలి.

ఇక అసలు సంగతి. జగ్గన్నతోట అంటే మొసలపల్లి దగ్గర కొబ్బరితోట, అక్కడ గుడీ గోపురం ఏమీ లేవు. చుట్టుపక్కల 11 ఊళ్ల శివుళ్లు, ఏకాదశ రుద్రులు, కనుమ నాడు ప్రభల మీద (వెదురుతో కట్టి అలంకరించి, జనం మోసుకొచ్చే ఎత్తైన చట్రాలు) అక్కడికి వస్తారు. మొసలపల్లి భోగేశ్వరుడిది ఆతిథ్యం కాబట్టి ఆయన ముందొచ్చి, అందరినీ సాగనంపి ఆఖర్న వెళ్తాడు. వ్యాఘ్రేశ్వరం స్వామి పెద్దాయన, ఆయన ప్రభ తోటలోకి రాగానే మిగతా ఊళ్లవాళ్లు తమ ప్రభల్ని ఒక్కసారి పైకెత్తి దించుతారు. అది చూసి అమ్మ పక్కనున్న పెద్దావిడతో "పెద్దన్నయ్య వస్తే లేచి నిలబడ్డట్టే ఉందమ్మా" అంటూ కళ్లు తుడుచుకుంది.

ఒక్కటే చూసే టైం ఉందంటే మాత్రం తోటకంటే ముందు గంగలకుర్రు, గంగలకుర్రు అగ్రహారం ప్రభలు ఎగువ కౌశిక కాలువ దాటే చోటికి వెళ్లండి. మేం మధ్యాహ్నం పన్నెండుకే వెళ్లి గట్టు మీద నిలబడ్డాం. వెదురుతో కట్టి, కొత్త బట్టలు చుట్టి, వరికంకులు, గంటలు వేలాడదీసిన అంత పెద్ద ప్రభ "శరభా అశ్శరభా" అని అరుపులతో నీళ్లలోకి దిగింది, మోసేవాళ్లు గుండెల లోతు నీళ్లలో ఉన్నారు, ఒకవైపు ఒరిగినప్పుడల్లా ఇటువాళ్లు తాళ్లు బిగబట్టి లాగుతున్నారు, గట్టు మీద మా అందరికీ ఊపిరాగినంత పనైంది. దాటాక రోడ్డెక్కలేదు, నేరుగా ఊడ్చిన చేలో దిగిపోయారు. పచ్చటి నాట్లు వాళ్ల కాళ్ల కింద బురదలో కలిసిపోతుంటే నేను ఆ చేను ఎవరిదని అడిగా. పక్కనున్నాయన "నాదేనండి. స్వామి నడిచిన చేనండి, పంటకేం లోటుండదు, ఆయ్" అని చేతులు జోడించి అటే చూస్తున్నారు.

త్రిశూర్‌లోనూ చుట్టుపక్కల గుళ్ల దేవతలు వడక్కునాథుడి ముందు కలుస్తారు, అదీ శివుడి సన్నిధే. కానీ అక్కడ దేవుడు ఏనుగు మీద వస్తాడు, పారమేక్కావు, తిరువంబాడి గుళ్ల తరఫున పదిహేనేసి ఏనుగులు ఎదురెదురుగా నిలబడి గొడుగులు మారుస్తుంటే, ఆ ఇలంజితర మేళం (చెండ డోళ్ల వాయిద్యం) చెవుల్లో పడితే ఒళ్లు పులకరిస్తుంది, అబద్ధం చెప్పను. ఆ వాయిద్యం ముందు మన తీర్థంలో మైకుల గోల నాకు నచ్చలేదు, ఈ విషయంలో కేరళవాళ్లని చూసి నేర్చుకోవాలి. మధురైలో అళగర్ (విష్ణువు) బంగారు గుర్రం మీద వైగై నదిలో దిగేటప్పుడు ఏ రంగు పట్టు కట్టుకున్నాడో చూస్తారు, పచ్చపట్టయితే ఆ ఏడు పంటలు బాగుంటాయని నమ్మకం. అక్కడా నీళ్లే, పంట మీద ఆశే, కానీ ఆ జనంలో నేను స్వామిని చూసింది చాలా దూరం నుంచి. ఇక్కడ ప్రభ తాడు నా చేతికందింది, కాసేపు పట్టుకోమన్నారు కూడా, నువ్వెవరు ఏ ఊరు అని ఎవరూ అడగలేదు. నాకు అందుకే ఇది ఎక్కువ.

ఇంకో తేడా, మా కోయంబత్తూరు ఇంటి ఓనరమ్మగారికి కొలువంటే నవరాత్రులే, మా అమ్మ సంక్రాంతికి బొమ్మలకొలువు పెడుతుందంటే ఆవిడకి భలే ఆశ్చర్యం.

సౌకర్యాల మాటకొస్తే, తోట దగ్గర ఆడవాళ్లకి టాయిలెట్ల ఇబ్బంది చాలా ఉంది, ఇది సరిచేయాల్సిందే. త్రిశూర్‌లో కూడా ఆ జనంలో ఆడవాళ్లకి తిప్పలే. మంచినీళ్లు, మజ్జిగ, పులిహోర మాత్రం దారిపొడుగునా ఇళ్లవాళ్లే పిలిచి పెట్టారు. కారు ఊరికి దూరంగానే ఆపాలి, పెద్దవాళ్లుంటే ఆటో మాట్లాడుకుని రాను పోను ముందే ఖాయం చేసుకోండి, సాయంత్రం ఒక్కటీ దొరకదు. ఫోన్ సిగ్నల్ కూడా అంతంతే.

మర్నాడు అంతర్వేది నరసింహస్వామి గుడికి వెళ్లాం. కల్యాణం మాఘ శుద్ధ దశమి రాత్రి, రథోత్సవం మర్నాడు భీష్మ ఏకాదశికి గనక ఇప్పుడు ప్రశాంతంగా దర్శనమైంది. 2020లో కాలిపోయిన రథం స్థానంలో చేసిన కొత్త రథాన్ని అమ్మ చాలాసేపు అలా చూస్తూ ఉండిపోయింది. సఖినేటిపల్లి నుంచి పంటు (బల్లకట్టు) ఎక్కి గోదావరి దాటి నరసాపురం మీదుగా, పాలకొల్లు క్షీరారామంలో ఆ తొమ్మిదంతస్తుల గోపురం కింద కాసేపు కూర్చుని ఇంటికొచ్చేశాం. వచ్చే ఏడు భోగికే గంగలకుర్రు చేరి ప్రభ కట్టేటప్పుడు కూడా చూడాలని అమ్మ ఇప్పట్నుంచే అంటోంది.