నీలి మచ్చా, వెలుగు చుక్కా, సీక్వెన్సింగా: మొక్కల్లో జన్యు అస్థిరత కొలవడానికి ఏది మేలు?

ప్రయోగశాలల్లో పెంచే చిన్న మొక్క అరబిడాప్సిస్‌లో జన్యు అస్థిరత (డీఎన్‌ఏ మారిపోవడం) అనగానే ముందు గుర్తొచ్చేవి గస్ లైన్లే, అంటే రంగు ద్రావణంలో నీలం తెప్పించే గస్ ఎంజైమ్ జన్యువును చొప్పించిన మొక్కల వంశాలు. గస్ జన్యువును విరగ్గొట్టి, కొంత భాగం రెండు ముక్కల్లోనూ ఉండేలా క్రోమోజోమ్‌లో పెడతారు. ఆ ఉమ్మడి భాగం దగ్గర పునఃసంయోగం (ఒకేలాంటి డీఎన్‌ఏ ముక్కలు కలవడం) జరిగి జన్యువు అతుక్కుంటే, ఆ కణమూ దాని సంతతీ రంగు వేసినప్పుడు నీలమవుతాయి. ఖర్చు తక్కువ, వందల మొలకలు లెక్కపెట్టొచ్చు. చిక్కల్లా మచ్చకు అర్థం చెప్పడంలోనే.

2012లో 'ప్లాంట్ సెల్' పత్రికలో దీనిపై గట్టి వాదనే నడిచింది. ఈ లైన్ల మచ్చల్ని పునఃసంయోగానికి నమ్మకమైన కొలతగా తీసుకోలేమని ఒక బృందం అంది. పద్ధతి పనికొస్తుంది, కాకపోతే సున్నితమైనదని శాస్త్రవేత్తలు పుఖ్తా, హోన్ బదులిచ్చారు. రెండో మాటే సరైనదనిపిస్తుంది, కానీ షరతులతో. వేడి, ఉప్పు లాంటి ఒత్తిడి ప్రమోటర్ (జన్యువును నడిపించే డీఎన్‌ఏ భాగం) జోరును పెంచితే, అదివరకు కంటికి ఆనని లేత మచ్చలు బయటపడతాయి. పునఃసంయోగం పెరిగిందని పొరబడతాం. అందుకే 35ఎస్ అనే ప్రమోటర్‌తో విరగని గస్ ఉన్న లైన్‌కూ అదే ఒత్తిడి పెట్టి చూడాలి. 651 అనే గస్ లైన్ అరబిడాప్సిస్‌లో సీ24 అనే రకంలోది. దాన్ని కొలంబియా అనే మరో రకంలోని మ్యూటెంట్‌తో (ఒక జన్యువు మారిన మొక్కతో) సంకరం చేస్తే, ఆ సంకరంలోనే విడిపోయిన మామూలు తోబుట్టువులే కంట్రోల్ (పోల్చే మొక్కలు) కావాలి.

రంగు వేసేటప్పుడు బఫర్ పీహెచ్ 7 దగ్గరే ఉండాలి. దిగితే మొక్క సొంత ఎంజైమ్ కూడా నీలం చూపిస్తుంది. బాక్టీరియా పెరగకుండా కొద్దిగా సోడియం అజైడ్ వేస్తారు (విషం, ఆమ్లం తగలనివ్వకండి). వాక్యూమ్ పెట్టకపోతే ద్రావణం లోపలికి సరిగా దిగక మచ్చలు తగ్గుతాయి. 37 డిగ్రీల్లో ఉంచాక 70 శాతం ఆల్కహాల్‌తో పచ్చదనం తీసేయాలి.

గస్ బదులు వెలుగునిచ్చే లూసిఫెరేజ్ ఎంజైమ్ జన్యువున్న లైన్ల మేలు ఒక్కటే, కానీ పెద్దది: మొక్క చావదు, అదే ఆకును రోజూ చూడొచ్చు. కాకపోతే చల్లబరిచిన కెమెరా కావాలి. ఆ వెలుగుకు ఏటీపీ (కణానికి శక్తినిచ్చే పదార్థం), ఆక్సిజన్ కావాలి గనుక ఒత్తిడికి లోనైన ఆకు ఊరికే మసకబారుతుంది.

తరానికి ఎన్ని మార్పులన్న అసలు రేటు కావాలంటే సీక్వెన్సింగే (డీఎన్‌ఏ అక్షరాల వరస చదవడం). 30 తరాలు పెంచిన 5 అరబిడాప్సిస్ లైన్లను 2010లో అలా చదివితే వంద కోట్ల బేస్‌లకు (డీఎన్‌ఏ అక్షరాలకు) తరానికి సుమారు 7 మార్పులు తేలాయి. అయితే ఒక ఆకులో పుట్టి అక్కడే ముగిసే ఘటనలు దీనికి చిక్కవు.

కాబట్టి ఒత్తిళ్లను పోల్చడానికి గస్, అదీ ఐయు-గస్, డీజీయు-యుఎస్ అనే రెండు రకాల లైన్లలోనూ. మొదటిది ఎక్కువగా సంశ్లేషణ దారిని (జత ముక్కను చూసి కొత్త డీఎన్‌ఏ అల్లుకోవడం), రెండోది ఒంటి పోగు అతుకును (విడివడిన పోగులు నేరుగా అతుక్కోవడం) చూపిస్తుంది. ఒక్క లైన్‌తో వచ్చిన పెరుగుదలను నమ్మకండి. పెద్ద మచ్చైనా ఒకే ఘటన. మచ్చలేని మొక్కల్ని కూడా లెక్కలో ఉంచండి. గిడసబారిన మొక్కలో కణాలే తక్కువ, కాబట్టి మొక్కకిన్ని అని కాక డీఎన్‌ఏ పరిమాణానికిన్ని అని చూడండి.