సెస్నా 172ఎస్: ఇంజిన్ ఆగితే ఎలా దిగుతుంది?

గ్లైడింగ్‌లో ఈ విమానానికి మంచి మార్కులే వేయాలి. నిండు బరువుతో, ఫ్లాప్స్ (రెక్కల వెనక అంచున కిందికి దిగే పలకలు) ఎత్తి 68 నాట్ల (గంటకు దాదాపు 126 కిలోమీటర్ల) వేగం పట్టుకుంటే, గాలి లేనప్పుడు ప్రతి 1000 అడుగుల ఎత్తుకు దాదాపు 2.8 కిలోమీటర్లు సాగుతుంది. ఇంకాస్త దూరం లాగుదామని ముక్కు ఎత్తారో, వేగమూ పోతుంది, దూరమూ పోతుంది.

ముందు పొలం ఎంచుకోండి, ఆ తర్వాతే రీస్టార్ట్: ఇంధనాన్ని ఆపే ఫ్యూయల్ షటాఫ్ నాబ్ లోపలికి, ట్యాంకు ఎంచే సెలెక్టర్ బోత్‌కి (రెండు ట్యాంకులకూ), ఇంధన పంప్ ఆన్, మిక్స్చర్ రిచ్ (గాలితో కలిసే ఇంధనం ఎక్కువగా). ఇది ఫ్యూయల్ ఇంజెక్షన్ ఇంజిన్. పాత మోడళ్లలో గాలినీ ఇంధనాన్నీ కలిపే కార్బురేటర్‌లో మంచు పేరుకునే బెడద దీనికి లేదు. అయితే ఇంధనంలో నీళ్లు చేరితే ఏ ఇంజినైనా ఆగుతుంది. అందుకే 13 డ్రెయిన్లు (ఇంధనం కాస్త బయటికి తీసి నీళ్లున్నాయేమో చూసే చిన్న కవాటాలు) ఇచ్చారు. అన్నిట్లోంచీ తీసి చూడాలంటే విసుగే, అయినా తప్పదు.

అసలు లోపం ఫ్లాప్స్. అవి కరెంటుతో నడుస్తాయి. కంగారులో మాస్టర్ స్విచ్ (విమానంలో కరెంటుకు ప్రధాన స్విచ్) ముందే ఆపేస్తే ఎక్కడివక్కడ ఆగిపోతాయి. ఫ్లాప్స్ 30 డిగ్రీలు దింపాకే, ల్యాండింగ్ ఖాయమయ్యాకే ఆ స్విచ్ ఆపాలి. నేల తాకేముందు తలుపుల గొళ్లేలు తీసి ఉంచాలి, ఫ్రేమ్ వంగితే బిగుసుకుపోతాయి.