మూడేళ్లకు పేలిన జోకు: హాఫ్ మ్యాన్ హాఫ్ బిస్కట్‌తో నా సావాసం

నవ్విస్తారని పేరున్న ఈ ఇంగ్లండ్ రాక్ బృందం పాటలు కొని, మూడేళ్లు ఒక్కసారీ నవ్వలేదు నేను.

2010లో బీబీసీ తన సిక్స్ మ్యూజిక్ రేడియోను మూసేస్తానంది. శ్రోతలు ఊరుకోలేదు. ఈ బృందం పాట ఒకటి కొని, అమ్మకాల చార్టులో సరిగ్గా ఆరో స్థానానికి ఎక్కించాలని పూనుకున్నారు. మా వార్డులో నాతో రాత్రి డ్యూటీ చేసే ఆయన బలవంతం మీద నేనూ కొన్నాను. పాట ఆరుకు చేరలేదు గానీ స్టేషన్ బతికింది. ఆ ఊపులో వాళ్ల మొదటి ఆల్బమ్, 1985 నాటి ‘బ్యాక్ ఇన్ ది డీహెచ్ఎస్ఎస్’ తెచ్చుకున్నాను. బీటిల్స్ పాట ‘బ్యాక్ ఇన్ ది యూఎస్ఎస్ఆర్’ పేరును నిరుద్యోగ భృతి ఇచ్చే శాఖకు తగిలించారని ఆయనే విడమరిచాడు. విడమరిచిన జోకు చల్లారిన పెసరట్టు. బృందం గాయకుడు నైజెల్ బ్లాక్‌వెల్, లివర్‌పూల్‌కు నది అవతల ఉన్న తన ఊరు బర్కెన్‌హెడ్ యాసలో వల్లించే టీవీవాళ్ల పేర్లలో నాకు ఒక్కటీ తెలియదు. శ్రీశ్రీని చదవనివాడికి జరుక్ శాస్త్రి పేరడీ వినిపించినట్టుంది నా పని.

2013లో పొరుగింటి పెద్దావిడ మా పాపకు ‘ట్రంప్టన్’ అనే 1967 నాటి బొమ్మల సీరియల్ డీవీడీ ఇచ్చారు. ఎంత బుద్ధిమంతుల ఊరో అది! అగ్నిమాపక దళం వరుసగా నిలబడి, పేర్లు పిలిపించుకుని, గంట కొట్టుకుంటూ బయలుదేరుతుంది. ఒక్క మంటా ఆర్పదు. బొమ్మల్ని కొద్దికొద్దిగా కదుపుతూ తీసే పద్ధతిలో నిప్పూ నీళ్లూ చూపడం కష్టమట. ఆ సాయంత్రం ఉల్లిపాయలు తరుగుతుంటే తట్టింది: 1986లో ఈ బృందం ‘ట్రంప్టన్ రయట్స్’ అనే పాటలో అల్లర్లు లేపింది ఈ ఊళ్లోనే! 1981లో లివర్‌పూల్‌లోని టాక్స్‌టెత్ పేట అల్లర్లలో తగలబడితే నదికి ఇవతలి ఒడ్డున పెరిగిన కుర్రాళ్లు మరి. కళ్ల వెంట నీళ్లు కారేలా నవ్వాను. ఉల్లిపాయల వల్లేనని మా ఆవిడ అనుకుంది.

ఇంత నిదానంగా పేలే జోకులను బీబీసీ రేడియో వన్‌లో వ్యాఖ్యాత జాన్ పీల్ ఏళ్లతరబడి రాత్రిళ్లు వినిపించాడు, పన్నెండు సెషన్లు రికార్డు చేయించాడు. ఆ అండ ఉండబట్టే కాబోలు, తమ ఊరి ఫుట్‌బాల్ జట్టు ట్రాన్మియర్ రోవర్స్ మ్యాచ్ ఉందని వీళ్లు ‘ది ట్యూబ్’ అనే సంగీతపు టీవీ షోనే వద్దన్నారు. హెలికాప్టర్ పంపుతామన్నా కదల్లేదు. 1986లో విడిపోతూ చెప్పిన కారణం, సంగీతాభిరుచులు కలవడం! 1990లో మళ్లీ కలిశారు. పీల్ 2004లో పోయాడు. నేను ఈ దేశం వచ్చింది 2008లో. ఆయన గొంతు తర్వాత వీళ్ల పాట మొదలవడం ఒక్కసారైనా వినలేకపోయానన్న వెలితి నాకు పోదు.

‘ఎవరికైనా నచ్చుతుంది’ అని మొదట్లో అందరికీ చెప్పేవాణ్ణి. ఇప్పుడు చెప్పను. కారులో వరుసగా రెండు ఆల్బములు పెడితే బాణీలన్నీ ఒకటైపోతాయి. మా పాప దారి పొడవునా ఒకే పాట పెట్టాననుకుంది. కానీ 2022లో ‘ది వోల్టరాల్ ఇయర్స్’ వచ్చినప్పుడు, మోకాళ్ల నొప్పులకు రోజూ ఆ మందు రాసే నర్సును కనక, ఎవరినీ అడగకుండా పేరు దగ్గరే నవ్వేశాను.

బర్కెన్‌హెడ్ ఉన్న ఈ విరల్ ప్రాంతంలో పద్నాలుగేళ్లకు పైగా ఉన్నాక కుదిరిన సంగతి ఇది. హైదరాబాద్‌లో ఉన్న మా తమ్ముడికి రెండు పాటలు పంపాను. “ఈయనకు జలుబా అన్నయ్యా?” అని అడిగాడు.