పీహెచ్‌డీలో ఏది మేలు: ఆరు నెలల సమీక్షా, చివరి వైవానా?

కనిగిరి ప్రాంతపు పొగాకు రైతుల అప్పుల మీద నేను పీహెచ్‌డీ చేశాను. రెండో ఏడాది సమీక్షలో తెర మీద ఒక పట్టిక చూపించాను: ఎకరాలు, బ్యారన్ (పొగాకు ఆకును వేడితో ఆరబెట్టే గది) ఖర్చు, వేలంలో బేళ్లకు పలికిన ధర, మిగిలిన బాకీ. విద్యార్థి పరిశోధనను మొదటి నుంచి గమనించే సలహా సంఘంలోని ఒక మేడం దాన్ని పైనుంచి కిందివరకు చదివి, "బ్యారన్ కౌలుకు తీసుకున్నవాళ్లు ఇందులో ఎక్కడున్నారమ్మా?" అని అడిగారు.

లేరు. సొంత బ్యారన్ ఉన్నవారి ఇళ్లకే వెళ్లాను నేను. మరుసటి సీజనులో మళ్లీ ఊళ్లు తిరిగి కౌలుదారులను కలిశాక బాకీల లెక్క మొత్తం మారిపోయింది. నా థీసిస్‌లో పనికొచ్చే అధ్యాయం ఏదైనా ఉందంటే అది ఆ ప్రశ్న నుంచి పుట్టిందే.

నెల్లూరు జిల్లా రొయ్యల చెరువుల మీద పనిచేసిన నా స్నేహితురాలికి ఆ అదృష్టం దక్కలేదు. ఆమె చేరిన చోట సమీక్ష అంటే ఒక ఫారం. దాని మీద సభ్యుల సంతకాలు తెచ్చుకుంటే చాలు, ఎదురుగా కూర్చుని ఎవరూ ఏమీ అడగరు. అయిదేళ్ల తర్వాత థీసిస్ చదివిన బయటి పరీక్షకుడు, తెల్లమచ్చ తెగులు సోకి రొయ్యలను మధ్యలోనే పట్టేసిన చెరువులను లెక్కలోంచి ఎందుకు వదిలేశారని రాశారు. ప్రశ్న న్యాయమైనదే. కానీ అప్పటికి కొన్ని చెరువులు చేతులు మారాయి, కొన్ని పూడిపోయాయి. ఎవరిని అడగాలి?

యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) 2022 పీహెచ్‌డీ నిబంధనలు రెండు పద్ధతులనూ ఉంచాయి. విద్యార్థి ప్రతి సెమిస్టరులో, అంటే ఆరు నెలలకోసారి, సలహా సంఘం ముందు తన పని వివరించాలి. పని బాగాలేకపోతే సంఘం కారణాలు రాసి, దిద్దుకునే దారి చెప్పాలి. చివరికి థీసిస్‌ను గైడుతో పాటు కనీసం ఇద్దరు బయటి పరీక్షకులు చదువుతారు. తర్వాత వైవా, అంటే మౌఖిక పరీక్ష.

చివరి పరీక్షను నేను తక్కువ చేయను. గైడుతో, విభాగంతో మొహమాటం లేని మనిషి చదవడం చాలా అవసరం. ఆరేళ్లుగా రోజూ చూస్తున్నవారికి కనపడని లోపం కొత్త కంటికి కనపడుతుంది. మన వైవా అందరి ముందు జరగడమూ నాకు నచ్చుతుంది. బ్రిటన్‌లో సాధారణంగా అది తలుపులు మూసిన గదిలో, ఇద్దరు పరీక్షకుల ముందు జరుగుతుంది. లోతుగా తర్కించడానికి ఆ పద్ధతి మేలు కావచ్చు. కానీ పొగాకు మీదో రొయ్యల మీదో పని చేసినప్పుడు ఆ రైతు కూడా వచ్చి వెనక బెంచీలో కూర్చునే వీలుండాలని నా కోరిక.

మరి వ్యాసాల లెక్క? 2016 నిబంధనల్లో థీసిస్ ఇచ్చేలోపు ఒక పత్రిక వ్యాసం, రెండు సదస్సు ప్రసంగాలు తప్పనిసరిగా ఉండేవి. 2022లో ఆ నిర్బంధం తీసేశారు. మంచి పనే జరిగింది. డబ్బు కడితే వారంలో అచ్చేసే పత్రికల దగ్గరికి పేద విద్యార్థులు పరుగెత్తడం నేను కళ్లారా చూశాను. అచ్చయిన ప్రతి వ్యాసం పనికిరానిదని కాదు. అయితే సంఖ్యను చూసి పరిశోధన నాణ్యతను తేల్చలేం.

రెండింటిలో ఒకటే ఎంచుకోమంటే నా ఓటు నిస్సందేహంగా సమీక్షకే. తప్పు దిద్దుకునే కాలం అప్పుడే ఉంటుంది. రైతు ఇంకా ఊళ్లోనే ఉంటాడు, చెరువులో ఇంకా నీళ్లుంటాయి. ఒక షరతు మాత్రం ఉంది: అడిగిన ప్రశ్నలు, చెప్పిన సూచనలు కాగితం మీద నమోదై ఆ నకలు విద్యార్థి చేతికి రావాలి. నోటిమాటగా మిగిలిన సూచనను మూడో ఏడాదికి సభ్యులే మరచిపోతారు, విద్యార్థి గుర్తు చేయడానికి జంకుతాడు.

కాబట్టి కాకుటూరులోని విక్రమ సింహపురి విశ్వవిద్యాలయంలో చేరబోయేవారైనా, ఒంగోలులోని ఆంధ్ర కేసరి విశ్వవిద్యాలయంలో చేరబోయేవారైనా, గైడు పేరు విచారించే రోజునే అక్కడి సీనియర్లను ఇంకో మాట అడగండి: పోయిన సమీక్షలో మీకు రాసిచ్చిన కాగితం ఒకసారి చూపిస్తారా అని.