వంశవృక్షంలో మధ్య పేరు తెలియకపోతే: ఖాళీ వదలాలా, పొడి అక్షరం ఉంచాలా, ఊహించి పూర్తి చేయాలా?

మల్కాజిగిరిలో మా పెదనాన్న వాళ్ల బీరువా సర్దుతుంటే ముత్తాత కాగితాలు బయటపడ్డాయి. ఒక రసీదు మీద ఉత్త ‘సుబ్బారావు’ అని ఉంది, బడి సర్టిఫికెట్ మీద ఇంగ్లీషులో ‘వి. సుబ్బారావు’ అని ఉంది. మా ఇంటిపేరు ఆ అక్షరంతో మొదలవ్వదు, కాబట్టి అది మధ్య పేరే అయ్యుండాలి. మా బాబాయి కొడుకు కంప్యూటర్లో వంశవృక్షం చేస్తూ ‘వెంకట సుబ్బారావు’ అని నింపేశాడు, మన ఇళ్లల్లో వి అంటే వెంకట కాక ఇంకేముంటుంది అన్నాడు. ఏడాది తిరక్కుండానే రెండు శాఖల వాళ్లు దాన్ని కాపీ చేసుకున్నారు. తర్వాత అదే బీరువాలో లగ్నపత్రిక దొరికింది. నాలుగు మూలలా పసుపు మరకలు, మడత దగ్గర కాగితం చిరిగింది, అయినా సిరా చక్కగా కనిపిస్తోంది: ‘చి. వీర సుబ్బారావు’. మన ఫైల్లో ఒక్క నిమిషంలో మార్చేశాం గానీ, మిగతా రెండు శాఖల వాళ్ల చెట్టులో ఆయన ఇప్పటికీ వెంకటే.

అందుకే ఊహించి పూర్తి చేయడానికి నేను గట్టిగా వ్యతిరేకం. పేరు గడిలో ఉన్నది ఊహో రుజువో చూసేవాళ్లకి తెలియదు, కాపీ చేసేవాళ్లు అడగరు. పైగా మన పొడి అక్షరాలు మహా తిరకాసు. పి.వి. నరసింహారావులో పి ఇంటిపేరు పాములపర్తి, వి మాత్రం వెంకట, సొంత పేరులో భాగం. ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యంలో చూస్తే రెండూ ఇంటిపేరే, శ్రీపతి పండితారాధ్యుల, అక్కడ మధ్య పేరు అన్నదే లేదు. రావిశాస్త్రి అని వింటే రావి ఇంటిపేరు అనుకుంటాం, నిజానికి ఆయన రాచకొండ విశ్వనాథ శాస్త్రి, రా ఇంటిపేరు నుంచి, వి సొంత పేరు నుంచి వచ్చాయి. ఇంత పేరున్నవాళ్ల దగ్గరే ఇలా తడబడితే, ఒకటి రెండు కాగితాలు మాత్రమే మిగిలిన మన ముత్తాతల సంగతేంటి? ఇది మన ఒక్కరి తంటా కూడా కాదు. అమెరికా అధ్యక్షుడు గ్రాంట్ పుట్టినప్పుడు పెట్టిన పేరు హైరమ్ యులిసెస్. 1839లో సైనిక అకాడమీకి సిఫారసు చేసిన ఆయన పొరపాటున యులిసెస్ ఎస్. అని రాస్తే అదే జీవితాంతం ఉండిపోయింది. ట్రూమన్ పేరులోని ఎస్ అయితే ఏ పేరుకీ పొడి అక్షరం కాదు, ఉత్త అక్షరమే. విప్పి రాస్తే తప్పే.

ఇంకొందరు గడి ఖాళీగా ఉండటం ఇష్టంలేక ‘తెలియదు’ అనో, మూడు చుక్కలో పెడతారు. మంచి ఉద్దేశమే, కానీ సాఫ్ట్‌వేర్‌కి అది పేరే. వంశవృక్షాల ఫైళ్లు ఒక ప్రోగ్రామ్ నుంచి ఇంకోదానికి పంపే గెడ్‌కామ్ పద్ధతిలో మధ్య పేరుకి ప్రత్యేకంగా గడే లేదు. ఇంటిపేరు రెండు ఏటవాలు గీతల మధ్య ఉంటుంది, సొంత పేర్లన్నీ కలిపి ఒకే చోట ఉంటాయి. మన ‘వెంకట నరసింహారావు’ల్లాంటి పేర్లకి అది హాయిగా సరిపోతుంది, కానీ ‘తెలియదు’ అని కొడితే మీ తాత వెతుకులాటలో ‘తెలియదు సుబ్బారావు’గా తేలతాడు.

ఇక మిగిలింది ఖాళీయా, పొడి అక్షరమా అన్నది. అక్షరం ఎక్కడైనా కనిపిస్తే దాన్ని వదిలేయకండి, చుక్కతో సహా ఉన్నదున్నట్టు పెట్టండి. తాత పేరే మనవడికి పెట్టే ఇళ్లల్లో ముగ్గురు సుబ్బారావులని విడదీసి చూపించేది ఒక్కోసారి ఆ ఒక్క అక్షరమే. అది ఇంగ్లీషు కాగితం మీదదో, తెలుగు కాగితం మీదదో కూడా నోట్స్‌లో రాయాలి. ఇంగ్లీషు వి అయితే వీర, వెంకట, వరద ఏదైనా కావచ్చు, తెలుగులో ‘వి.’ అని ఉంటే విశ్వనాథ, విజయ లాంటివే ముందు ఆలోచించాలి. శుభలేఖల్లో ‘చి. ల. సౌ.’ చూసి పొడి అక్షరాలనుకున్న పిల్లలు నాకు తెలుసు, జాగ్రత్త. నిజాం కాలపు ఉర్దూ కాగితాలైతే మామూలుగా హ్రస్వ అచ్చులు రాయరు, కాబట్టి చదివి చెప్పినవాళ్లు ఎలా పలికారో రాసుకుని కాగితం ఫోటో పక్కనే పెట్టండి.

ఏ అక్షరమూ దొరకనప్పుడు మాత్రం ఖాళీయే మేలు. ఒక ఎల్లయ్యకి, ఒక మల్లమ్మకి మధ్య పేరు అసలు లేకపోవచ్చు, లేని లోటు మనం సృష్టించకూడదు. అయితే లేకపోవడం వేరు, దొరక్కపోవడం వేరు. అందుకే నోట్స్‌లో ‘రసీదు, సర్టిఫికెట్ చూశాం, మధ్య పేరు కనిపించలేదు’ అని ఒక వాక్యం చాలు. తర్వాత వెతికేవాళ్లు ఆ రెండూ వదిలేసి తద్దినం పెట్టే అన్నయ్యనో, ఇంటి పురోహితుడినో అడుగుతారు. అక్కడ తండ్రి, తాత, ముత్తాత మూడు తరాల పేర్లూ చెప్పి తీరాలి కదా.

మా నాయనమ్మ అత్తగారి గడిలో ఇప్పుడు ‘ఆర్. లక్ష్మి’ అని ఉంది. రామలక్ష్మి అయ్యుంటుందని మా అత్తయ్య అంటుంది, రాజ్యలక్ష్మి అని పెదనాన్న. రెండూ నోట్స్‌లో రాశాను, ఎవరు చెప్పారో కూడా రాశాను. గడిలో మాత్రం ‘ఆర్.’ అలాగే ఉంది.