అమెరికా రేడియేషన్ ప్రయోగాల నివేదిక: అయిదో అధ్యాయం నుంచి మొదలుపెట్టండి

హైదరాబాద్‌లో క్లినికల్ ట్రయల్స్ (కొత్త మందులను మనుషులమీద పరీక్షించే అధ్యయనాలు) కోఆర్డినేటర్‌గా పనిచేస్తున్నాను. సమ్మతి పత్రాలమీద సంతకాలు తీసుకోవడం నా రోజువారీ పని. ఈ పనిలో ఉన్నవాళ్లకీ, అలాంటి అధ్యయనాలకు అనుమతిచ్చే ఎథిక్స్ కమిటీల్లో కూర్చునేవాళ్లకీ ఈ నివేదిక చదవమని గట్టిగా చెబుతున్నాను.

అమెరికా ప్రభుత్వం 1944 నుంచి 1974 వరకు మనుషులమీద చేయించిన రేడియేషన్ ప్రయోగాల నిజానిజాలు తేల్చమని 1994 జనవరిలో అప్పటి అమెరికా అధ్యక్షుడు క్లింటన్ ఒక సలహా సంఘాన్ని వేశాడు. ఆ సంఘానికి రూత్ ఫేడెన్ అధ్యక్షురాలు. 1995 అక్టోబరులో తొమ్మిది వందలకు పైగా పేజీల నివేదిక ఇచ్చారు. జార్జ్ వాషింగ్టన్ యూనివర్సిటీలోని నేషనల్ సెక్యూరిటీ ఆర్కైవ్ దాన్ని ఆన్‌లైన్‌లో ఉచితంగా పెట్టింది. పేజీలు పాతకాలం వెబ్‌సైట్‌లా ఉంటాయి, ఫోన్‌లో చదవడం కష్టం. ల్యాప్‌టాప్ తీయండి.

మొదటి పేజీ నుంచి చదివితే విసుగొచ్చి ఆగిపోతారు. నేరుగా అయిదో అధ్యాయానికి వెళ్లండి. అణుబాంబు తయారీలో ప్లుటోనియం అనే రేడియోధార్మిక లోహాన్ని ముట్టుకునే పనివాళ్లకు ఎంత మోతాదు ప్రమాదమో అప్పటికి ఎవరికీ తెలియదు. ఒంట్లో ఎంత నిలుస్తుంది, మలమూత్రాల్లో ఎంత పోతుంది అన్నది కొలవాలి. ఆ అవసరం నిజమైనదే, నివేదిక కూడా దాన్ని కాదనదు. కానీ కొలవడానికి ఎంచుకున్నది ఎవరిని? ఎబ్ కేడ్ అనే నల్లజాతి నిర్మాణ కార్మికుడు కారు ప్రమాదంలో ఎముకలు విరిగి ఓక్ రిడ్జ్ ఆసుపత్రిలో ఉన్నాడు. 1945 ఏప్రిల్ 10న ఆయనకు 4.7 మైక్రోగ్రాముల ప్లుటోనియం ఎక్కించారు. తర్వాత ఎముక ముక్కలు తీసుకున్నారు, పదిహేను పళ్లు పీకారు, అన్నీ పరీక్ష కోసమే. 1947 జులై దాకా రోచెస్టర్, చికాగో, శాన్‌ఫ్రాన్సిస్కో ఆసుపత్రులతో కలిపి మొత్తం 18 మందికి ఇలాగే ఎక్కించారు.

వీళ్లలో చివరివాడు ఎల్మర్ అలెన్, రైల్వే పోర్టర్. ఎడమకాలికి ఇంజెక్షన్ ఇచ్చి, మూడు రోజుల తర్వాత ఆ కాలు తీసేశారు. ఆయన కేసు షీట్‌లో ఒక నోట్ ఉంది: రేడియోధార్మిక పదార్థం ఇస్తున్నామని, ఇది ప్రయోగమని వివరించాం, రోగి ఒప్పుకున్నాడు, మతిస్థిమితంతోనే ఉన్నాడు అని. ఈ మాటలన్నీ డాక్టర్లవే. ఆ ఇంజెక్షన్ వల్ల తనకు ఒరిగేదేమీ లేదని ఆయనకు చెప్పారా? ఆ నోట్ దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. మా ఫైళ్లలోనూ ‘వివరించాం, అంగీకరించారు’ అనే వాక్యమే ఉంటుంది.

పదమూడో అధ్యాయం రహస్యం గురించి. శత్రుదేశానికి తెలియకూడదనే ఇదంతా దాచారని నేను అనుకునేదాన్ని. 1947 ఏప్రిల్ 17 నాటి అణుశక్తి కమిషన్ మెమో వేరే కారణం చెబుతుంది. ప్రజాభిప్రాయం చెడినా, కోర్టు కేసులు వచ్చినా ఇబ్బంది కనుక మనుషులమీద ప్రయోగాల కాగితాలను రహస్యంగా ఉంచమని అందులో సూటిగా రాశారు. ఇంకో సంగతి చూసి నాకు కోపం ఆగలేదు. మనిషి స్వచ్ఛంద సమ్మతి లేకుండా ప్రయోగం చేయకూడదనే న్యూరెంబర్గ్ నియమావళిని పాటించాలంటూ 1953లో అమెరికా రక్షణ మంత్రి ఇచ్చిన ఆదేశాన్నే ‘టాప్ సీక్రెట్’ చేశారు. ఆ నియమం కాపాడాల్సిన సైనికుడికి అలాంటిదొకటి ఉందని ఎలా తెలుస్తుంది?

ఏడో అధ్యాయం పిల్లల గురించి. మసాచుసెట్స్‌లోని ఫెర్నాల్డ్ అనే ప్రభుత్వ సంస్థలో ఉన్న అబ్బాయిలను ‘సైన్స్ క్లబ్’లో చేర్చి, పాలు, బేస్‌బాల్ ఆట ఆశ చూపి, రేడియోధార్మిక కాల్షియం కలిపిన ఆహారం పెట్టారు. తల్లిదండ్రులకు రాసిన ఉత్తరంలో రేడియేషన్ అన్న మాటే లేదు. ఇది చదువుతుంటే మన ఖమ్మం గుర్తుకు రాకుండా ఎలా ఉంటుంది? అక్కడ హెచ్‌పీవీ టీకా (గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా వేసేది) అధ్యయనంలో గిరిజన బాలికల తరఫున చాలాచోట్ల హాస్టల్ వార్డెన్లే సంతకాలు పెట్టారు. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం దాన్ని తప్పుపట్టింది.

లోపాలూ ఉన్నాయి. చేసిన పని తప్పా, చేసిన మనిషి దోషా అని నాలుగో అధ్యాయం విడదీసి చూస్తుంది. ఆ వాదనలో బలం ఉంది, కానీ దాని నీడలో కొందరు పెద్ద డాక్టర్లు తేలిగ్గా తప్పించుకున్నారనిపించింది. పదిహేను, పదహారు అధ్యాయాలు 1990ల నాటి పరిశోధనలమీద సంఘం చేసిన పరిశీలన, సర్వే. వీలుంటే చూడండి. సిఫారసులు మరీ మెత్తన. ప్రయోగాలకు గురై ఇంకా బతికున్నవాళ్లందరినీ వెతికి నిజం చెప్పాలని సంఘం అడగలేదు. ఇదే నివేదికలో 1973 నాటి కథ ఉంది: ప్లుటోనియం ఎక్కించినవాళ్లలో చనిపోయినవాళ్ల సమాధులు తవ్వడానికి కుటుంబాల అనుమతి అడుగుతూ, పాత వైద్యం వల్ల మిగిలిన రేడియేషన్‌ను చూడాలని చెప్పారు, ప్లుటోనియం ఊసెత్తలేదు. అది రాసినవాళ్లే ఈ సిఫారసు దగ్గర వెనక్కి తగ్గడం నాకు మింగుడుపడలేదు.

అయినా చదవండి. మీ దగ్గర కొత్తగా చేరిన కోఆర్డినేటర్లకు శిక్షణ ఇస్తుంటే, అలెన్ కేసు నోట్‌ని అనువదించి వాళ్ల ముందు పెట్టి, ఇందులో రోగికి చెప్పాల్సినవి ఏవేవి లేవో రాయమనండి. వచ్చే బ్యాచ్‌తో నేను అదే చేయబోతున్నాను.